కాలనీలకు సరిపడా రైళ్ళు: ఈ పని నేర్పే చదువు ఏది?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. రోజూ రైల్లో నెల్లూరు కాలేజీకి వెళ్ళివస్తుంది. పడుగుపాడు, వేదాయపాలెం వైపు ఇన్ని లేఅవుట్లు వేస్తుంటే లోకల్ రైళ్ళు ఎందుకు పెంచరని అడుగుతూ ఉంటుంది. ఆ లెక్కలు వేసే పనే చదువుతానని పట్టుబట్టింది. బంధువులంతా కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. అమ్మాయికి డ్రాయింగ్ రాదు, కళ్ళద్దాలున్నాయి. అసలు అలాంటి చదువు ఉందా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: చదువు ఉందండీ. ఉద్యోగాలూ ఉన్నాయి. కాకపోతే కంపెనీలు క్యాంపస్‌కు వచ్చి వందలమందిని తీసుకుపోయే ఉద్యోగాలు కావు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు.

ముందు అమ్మాయి అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. నెల్లూరు చుట్టుపక్కల లేఅవుట్లు చూసేది నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, 2017లో ఏర్పడింది. రోడ్డు ఎంత వెడల్పు, పార్కుకు ఎంత స్థలం వదిలారు, మురుగునీరు ఎటు పోతుంది, ఇవన్నీ అడుగుతారు. కాలనీ నిండాక పొద్దున ఎనిమిదింటికి స్టేషన్‌కు ఎంతమంది వస్తారని అడగరు. రైళ్ళు నడిపేది రైల్వే వాళ్ళ విజయవాడ డివిజన్, వాళ్ళకు ప్లాట్ల సంగతితో పనిలేదు. పైగా ప్లాట్లు అమ్ముడుపోయి ఇళ్ళు లేవడానికి మూడు నాలుగేళ్ళు చాలు. రైలు పట్టాలకు అలా కుదరదు. విజయవాడ–గూడూరు మూడో లైను 2015-16లో మంజూరైంది. 280 కిలోమీటర్లు దాటిన ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. ఇల్లు కట్టాక రైలు గురించి ఆలోచిస్తే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఈ రెండు ఆఫీసుల మధ్య కూర్చుని ముందే లెక్క కట్టే మనిషి మన జిల్లాల్లాంటి చోట చాలా అవసరం. మీ అమ్మాయికి అది తనంతట తనకే తట్టిందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఆ లెక్క ఎలా ఉంటుందో మచ్చుకు ఒకటి చెబుతాను, అమ్మాయికి చూపించండి. రెండు స్టేషన్ల మధ్య దూరం 10 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే గూడ్సుకు 15 నిమిషాలు పడుతుంది. లైన్ క్లియర్, అంటే బండిని పంపమని ముందు స్టేషన్ ఇచ్చే అనుమతి, ఇచ్చిపుచ్చుకునే పనికి ఇంకో 5 నిమిషాలు. ఒక బండి దాటేదాకా వెనకాల ఇంకోటి వదలరు కాబట్టి ఒక్కో బండికి 20 నిమిషాలు. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి భాగిస్తే 72. మరమ్మతులకు, ఆలస్యాలకు కొంత వదిలి అందులో 70 శాతమే లెక్కలోకి తీసుకుంటారు, అంటే 50 బళ్ళు. దీన్ని స్కాట్ సూత్రం అంటారు, రైల్వేలో ఏళ్ళుగా వాడుకలో ఉంది. ఇప్పుడు ఆ దూరాన్ని మధ్యలో ఒక సిగ్నల్ పెట్టి రెండు ముక్కలు చేస్తే? బండికి ఏడున్నర, ఐదు కలిపి పన్నెండున్నర నిమిషాలే. అందులోనూ 70 శాతమే తీసుకున్నా లెక్క 80కి చేరుతుంది. కొత్త పట్టా ఒక్కటీ వేయకుండానే! తళమంచిలోనో కొడవలూరులోనో మన ప్యాసింజర్‌ను లూప్‌లైన్లో, అంటే పక్క పట్టా మీద, పెట్టి వెనకాల వచ్చే సూపర్‌ఫాస్ట్‌ను ముందు వదులుతారు చూడండి, అప్పుడు అందరం విసుక్కుంటాం. చెన్నై నుంచి ఢిల్లీకి, హౌరాకు పోయే బళ్ళూ, కృష్ణపట్నం బొగ్గు గూడ్సులూ ఇదే దారిలో నడవాలి. లోకల్‌కు చోటు ఎక్కడ దొరుకుతుందో ఈ లెక్కే చెబుతుంది. ఇలాంటిది చూసి అమ్మాయి కాగితం, పెన్ను అందుకుంటే ఈ దారి తనదే. బోర్ కొడుతుందంటే మాత్రం మీ బంధువుల మాటే వినండి.

రైలుకు డబ్బు రైల్వేనే పెట్టాలన్న రూలు కూడా ఏమీ లేదు. నవీ ముంబయిలో ఇళ్ళ స్థలాలు అభివృద్ధి చేసిన ప్రభుత్వ సంస్థ సిడ్కో అక్కడి లోకల్ లైన్ల ఖర్చులో 67 శాతం భరించింది, మిగతాది రైల్వే పెట్టుకుంది. భూమి ధర పెరిగితే లాభపడేవాళ్ళే పట్టాలకూ కొంత ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. అమరావతికి ఎర్రుపాలెం నుంచి నంబూరుకు 57 కిలోమీటర్ల లైనును 2024లో కేంద్రం ఆమోదించింది. అక్కడ ఊరు పూర్తిగా లేవకముందే రైలు ఆలోచన చేశారు. ఇలాంటి ప్రాజెక్టులు వచ్చినప్పుడే ఈ చదువుకు గిరాకీ.

ఇక చదువు. బి.ప్లానింగ్ అంటే పట్టణ ప్రణాళిక నేర్పే డిగ్రీ, నాలుగేళ్ళ కోర్సు. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కేంద్ర సంస్థ. జేఈఈ మెయిన్ పేపర్ 2బి ద్వారా సీట్లు. డ్రాయింగ్ గురించి టెన్షన్ వద్దు, డ్రాయింగ్ పరీక్ష బి.ఆర్క్ వాళ్ళకు, అంటే 2ఎకి. 2బిలో లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలే ఉంటాయి. రెండో దారి సివిల్ ఇంజనీరింగ్, ఆపైన గేట్ రాసి ఐఐటీలోనో వరంగల్ ఎన్‌ఐటీలోనో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్.

నన్నడిగితే, విజయవాడ సీటు వస్తే కళ్ళు మూసుకుని చేర్చండి. రాకపోతే ఊరూపేరూ లేని ప్రైవేటు కాలేజీలో బి.ప్లానింగ్ వద్దు, మంచి కాలేజీలో సివిల్ తీసుకోండి. సివిల్ చదివితే యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్, రైల్వే జూనియర్ ఇంజనీర్, ఏపీపీఎస్సీ ఇంజనీర్ పోస్టులు అన్నీ రాసుకోవచ్చు. ప్లానింగ్ చదివినవాళ్ళకు టౌన్ ప్లానింగ్ విభాగంలో, పట్టణాభివృద్ధి సంస్థల్లో, మెట్రో ప్రాజెక్టులకు పనిచేసే కన్సల్టెన్సీల్లో అవకాశాలుంటాయి. మొదటి రెండు మూడేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితులకంటే తక్కువగానే ఉంటుంది. ఇంట్లో అప్పులుంటే ఆ సంగతి అమ్మాయితో ఇప్పుడే మాట్లాడండి, దాచకండి.

కళ్ళద్దాల వల్ల ఇబ్బంది వచ్చేది స్టేషన్ మాస్టర్ లాంటి ఉద్యోగాలకు. దానికి ఏ-2 అనే వైద్య పరీక్ష ఉంటుంది, అద్దాలు లేకుండా చూపు సరిగ్గా ఉండాలి. ప్లానింగ్ ఆఫీసు పనికి అద్దాలు అడ్డు కావు.

జేఈఈ మెయిన్ దరఖాస్తులో చాలామంది బీటెక్‌కు పనికొచ్చే పేపర్ 1 మాత్రమే టిక్ పెట్టి వదిలేస్తారు. మీ అమ్మాయి చేత 1, 2బి రెండూ పెట్టించండి. అదనపు ఫీజు కొంత పడుతుంది, పడనివ్వండి.