ఘర్షణ చలనాన్ని ఎదిరిస్తుందంటారు, మరి నడిచేటప్పుడు ముందుకు ఎలా నెడుతుంది?

"ఘర్షణ చలనానికి వ్యతిరేక దిశలో పనిచేస్తుందని చదివాను. నడిచేటప్పుడు మాత్రం ముందుకే పనిచేస్తుందని చెబుతున్నారు. ఏది నిజం?" అని అడిగారు. రెండోది నిజం. మొదటి వాక్యంలో ఒక మాట తగ్గింది. ఘర్షణ ఎదిరించేది వస్తువు కదలికను కాదు, ఆనుకుని ఉన్న రెండు తలాలు ఒకదానిమీద ఒకటి జారడాన్ని.

ఇంటర్ మొదటి సంవత్సరంలో నాదీ ఇదే చిక్కు. బయల్దేరుతున్న లారీలో బియ్యం బస్తా మీద ఘర్షణ ఎటు ఉంటుందని స్లిప్ టెస్టులో ఇచ్చారు. లారీ ముందుకు పోతోంది కదా అని బాణం గుర్తు వెనక్కి వేశాను. తప్పని కొట్టేశారు, ఎందుకు తప్పో చెప్పలేదు.

అది నాకు అర్థమైంది మా పొలం బాటలో. వాన వెలిశాక ఇంటికి వస్తుంటే ట్రాక్టర్ దిగబడింది. నాన్న రేస్ పెంచేకొద్దీ వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. వెనక నిలబడ్డ నా చొక్కా నిండా బురద. అది తుడుచుకుంటుంటేనే తట్టింది, బురద వెనక్కే ఎందుకు చిమ్ముతోందని. నేలకు తగిలే చోట టైరు వెనక్కి జారుతోంది, అందుకే. ఆ జారుడును ఆపాలంటే నేల టైరును ముందుకు నెట్టాలి. బండిని కదిలించేది ఆ నెట్టుడే, బురదలో అదే చాలలేదు. నాన్న వరిగడ్డి తెచ్చి టైరు కింద దట్టంగా కుక్కి, మెల్లగా క్లచ్ వదిలారు. టైరుకు పట్టు దొరికింది, బండి బయటపడింది.

నడకా అంతే. పాదం నేలను వెనక్కి తన్నుతుంది, నేల పాదాన్ని ముందుకు నెడుతుంది. తడి బండల మీద గబుక్కున పరుగు అందుకోబోతే కాలు వెనక్కే జారుతుంది.

ఇక బస్తా సంగతి. అసలు ఘర్షణే లేదనుకోండి. లారీ కదిలితే బస్తా జడత్వం వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది, కింద నుంచి లారీ ముందుకు వెళ్లిపోతుంది. అంటే లారీ నుంచి చూస్తే బస్తా వెనక్కి జారుతుంది. దానికి ఎదురుగా, ముందుకు, బాణం వేయాలి. బస్తాను లారీతోపాటు తీసుకెళ్లే బలం అదొక్కటే. బ్రేకు వేస్తే బస్తా ముందుకు జారబోతుంది కాబట్టి ఘర్షణ వెనక్కి మారుతుంది. ఏ లెక్కలోనైనా ముందు ఘర్షణ తీసేసి ఎటు జారుతుందో చూడండి, ఆ తర్వాతే బాణం వేయండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది ఘర్షణ అనగానే మ్యూ ఇంటూ ఎన్ అని రాసేస్తారు. మ్యూ అంటే ఘర్షణ గుణకం, ఎన్ అంటే అభిలంబ బలం, అంటే రెండు తలాలు ఒకదాన్నొకటి లంబంగా నొక్కుకునే బలం. బస్తా 50 కిలోలు, స్థైతిక (జారకముందు ఉండే) ఘర్షణ గుణకం 0.4, గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుందాం. ఆ సూత్రం ప్రకారం 200 న్యూటన్లు వస్తుంది. కానీ లారీ త్వరణం 1 మీ/సె² అయితే బస్తాకు కావాల్సింది 50 న్యూటన్లే, ఘర్షణ కూడా అంతే ఉంటుంది. 200 అనేది గరిష్ఠ హద్దు, దాన్నే సీమాంత ఘర్షణ అంటాం. త్వరణం 4 మీ/సె² దాటితే బస్తా జారుతుంది, అప్పుడు గతిక ఘర్షణ, అంటే జారేటప్పుడు ఉండే ఘర్షణ, లెక్కలోకి వస్తుంది. స్థైతిక ఘర్షణ అవసరానికి తగ్గట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ సంగతి పట్టుబడితే సగం లెక్కలు వచ్చేసినట్టే.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి ఎప్పుడైనా దగ్గర నుంచి చూడండి. మోకు ఆసరాతో వెనక్కి వాలి, పాదాలను చెట్టుకేసి గట్టిగా అదుముతాడు. అలా అదిమితే అభిలంబ బలం పెరుగుతుంది, దాంతో ఘర్షణ హద్దూ పెరుగుతుంది. పైకి ఎక్కుతున్నా, ఆగి కల్లు తీస్తున్నా, మెల్లగా దిగుతున్నా పాదాలు జారబోయేది కిందికే, ఘర్షణ పైకే.

సైకిల్ ప్రశ్న పరీక్షల్లో తరచుగా వస్తుంది కాబట్టి అదీ చెప్తాను. వేగం పెంచుతూ తొక్కుతుంటే వెనక చక్రం మీద ఘర్షణ ముందుకు, ముందు చక్రం మీద వెనక్కి. ముందు చక్రాన్ని చైను తిప్పడం లేదు, నేలే తిప్పుతోంది.