లిఫ్ట్ చేసిన ట్రక్కు ముందు భాగం పని: పార్టులు కొనే ముందు చదువు

చిన్నా,

నువ్వు పంపిన వీడియో చూశాను. బ్రిడ్జి జాయింటు మీదికి చక్రం ఎక్కగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుపోతున్నట్టు ఊగడం, వేగం బాగా తగ్గేదాకా ఆగకపోవడం... దీన్నే ఇక్కడివాళ్ళు డెత్ వాబుల్ అంటారు. పేరు చూసి టెన్షన్ పడొద్దు. అలాగని పిల్లల్ని ఎక్కించుకుని ఆ బండిలో హ్యూస్టన్ బయల్దేరొద్దు. పని అయ్యేదాకా దాన్ని ఇంటి ముందే ఉంచు.

స్టీరింగ్ స్టెబిలైజర్ (స్టీరింగ్ ఊగుడును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) ఆర్డర్ పెట్టానన్నావు. వీలుంటే క్యాన్సిల్ చెయ్. అది ఊగుడును కొన్నాళ్ళు కనపడకుండా చేస్తుందే తప్ప, అరిగిన జాయింటు అరుగుతూనే ఉంటుంది. ముందు అసలు కారణం పట్టుకోవాలి. స్టెబిలైజర్ సంగతి చివర్లో చూద్దాం.

నీ ఫోర్డ్ ఎఫ్-250 ముందు భాగం ఎలా పనిచేస్తుందో చెప్తాను, లేకపోతే కింద రాసేది తలకెక్కదు. 2005 నుంచి ఈ ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కులకు ముందున్న పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. పట్టీలున్నప్పుడు యాక్సిల్ పక్కకి జరగకుండా అవే పట్టి ఉంచేవి. కాయిల్‌కి ఆ శక్తి లేదు. అందుకని ఫ్రేముకీ యాక్సిల్‌కీ మధ్య అడ్డంగా ఒక రాడ్డు పెట్టారు, అదే ట్రాక్ బార్. అంత బరువైన యాక్సిల్‌ని పక్కలకు ఆపేది ఆ ఒక్క రాడ్డే. దానికి ఒక చివర కాస్త ప్లే (వదులు) వచ్చినా యాక్సిల్ మొత్తం అటూ ఇటూ జరుగుతుంది.

ఇప్పుడు నీకు అమ్మినాయన ఆరంగుళాలు లేపాడు కదా. ఫ్రేము పైకి వెళ్ళింది, యాక్సిల్ కిందే ఉంది. ట్రాక్ బార్ ఏటవాలుగా నిలబడింది, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు చేరవేసే రాడ్డు) కూడా అంతే. ఈ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లేకపోతే గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే ఒక పక్కకి లాగుతుంది. ఆరంగుళాల లిఫ్టుకి ట్రాక్ బార్ ఫ్రేము వైపు కిందికి దింపే బ్రాకెట్టు ఉందా, పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ని కదిపే చెయ్యి) మార్చారా, ముందు అది చూడు. ఒకటి మార్చి రెండోది వదిలేసిన బండ్లు చాలా ఉంటాయి. నా మటుకు రెండూ కలిపి దింపడమే ఇష్టం. పొడవు మార్చుకునే ట్రాక్ బార్ ఒక్కటే వేస్తే యాక్సిల్ మధ్యలోకి వస్తుంది కానీ వాలు అలాగే ఉంటుంది.

ఇక వెతకడం. దీనికి జాకీ అక్కర్లేదు, చక్రాలు నేల మీదే ఉండాలి. వెనక చక్రాలకు చెక్కదుంగలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, కోడల్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టు. స్టీరింగ్‌ని పావు చుట్టు ఎడమకి, పావు చుట్టు కుడికి, ఆపకుండా తిప్పమను. నువ్వు పక్కనుంచి ఒరిగి చూడు, చక్రం దారిలో తల పెట్టకు. ఒక్కో జాయింటు మీద వేలు ఆనించి ఉంచు. మంచి జాయింటులో రెండు ముక్కలూ కలిసి కదులుతాయి. అరిగినదాంట్లో ఒకటి ముందు కదిలి, రెండోది ఓ క్షణం ఆగి కదులుతుంది, అది వేలికి టక్కుమని తగులుతుంది. కంటికి కనపడనిది కూడా వేలికి తెలుస్తుంది.

ట్రాక్ బార్ దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఉండు. బోల్టు తల చుట్టూ వాషరు రాసుకుని మెరుస్తోందా, కింద ఎర్రటి తుప్పు పొడి చారలుగా కారిందా చూడు. అలా ఉంటే బోల్టు వదులై చాలాకాలం తిరిగిందన్న మాట. అప్పుడు బ్రాకెట్టు రంధ్రం కోలగా సాగిపోయి ఉంటుంది. ఆ రంధ్రంలో కొత్త బార్ వేసినా నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. బ్రాకెట్టే మార్చాలి, లేదా వెల్డింగ్ తెలిసినవాడు మందపాటి వాషరు అతికించాలి.

తర్వాత బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని పట్టుకునే నకుల్‌ని యాక్సిల్ చివర తిరగనిచ్చే గుండు జాయింట్లు. ఒక్కో పక్క పైనొకటి, కిందొకటి ఉంటాయి. యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రాన్ని కొంచెం లేపి, స్టాండు పెట్టి, టైరు కింద పొడవాటి ఇనుప కడ్డీ పెట్టి పైకెత్తు. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపు. ప్లే ఉందనుకో, కోడల్ని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపు. ప్లే పోతే తప్పు హబ్ బేరింగుది. బ్రేకు తొక్కినా ఊగుతుంటే బాల్ జాయింటుది. కింద జాయింటు పోతే పైది కూడా కలిపి మార్చెయ్, అదే విప్పుడు మళ్ళీ ఎవరు చేస్తారు?

స్టీరింగ్ బాక్సు మీద ఉండే స్క్రూ ముట్టుకోకు. యూట్యూబ్‌లో అది బిగిస్తే ప్లే పోతుందంటారు. ఎక్కువ బిగిస్తే గేరు పట్టేసి మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు.

ఇంకో సంగతి. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. మీ కౌంటీలో పొగ పరీక్ష మిగిలింది కానీ నీది డీజిల్, దానికి అదీ లేదు. అంటే నువ్వు చూడకపోతే ఆ బండి కింద చూసేవాళ్ళెవరూ లేరు.

పార్టుల దగ్గర కక్కుర్తి వద్దు. ఫోర్డ్ వాళ్ళ మోటర్‌క్రాఫ్ట్‌వి సీలు వేసి వస్తాయి, మూగ్ కంపెనీలో గ్రీజు నిపుల్ ఉన్నవి దొరుకుతాయి. నువ్వు ఏడాదికి రెండుసార్లు గ్రీజు గన్ పట్టే మనిషివైతే రెండోది తీసుకో, కాకపోతే మొదటిదే మేలు. బాల్ జాయింట్ ప్రెస్ కొనక్కర్లేదు, ఆటోజోన్‌లాంటి షాపుల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు.

టై రాడ్ ఎండ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే రాడ్డు చివరి జాయింటు) తీసేటప్పుడు నట్టు పూర్తిగా ఊడదీయకు, చివరి రెండు చుట్లు ఉంచు. తర్వాత నకుల్ మీద ఆ చివర కూర్చున్న దిమ్మని పక్కనుంచి సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వెయ్. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకైనా ఇదే పద్ధతి. దెబ్బ దిమ్మకి పడాలి, బోల్టు మరలకి కాదు. రెండు కొమ్ముల ఫోర్కు దూర్చి ఊడగొడితే రబ్బరు బూటు చిరుగుతుంది, పారేసే పార్టుకైతే ఫర్వాలేదు. కొత్తది వేసే ముందు పాతదాని మధ్య నుంచి మధ్యకి టేపుతో కొలుచుకో, అలైన్‌మెంట్ షాపుదాకా బండి తిన్నగా నడుస్తుంది.

కాటర్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను) రంధ్రం కుదరకపోతే నట్టు వెనక్కి తిప్పకు. ముందుకే బిగించి తర్వాతి గాడికి తీసుకురా.

బాల్ జాయింట్ల కోసం యాక్సిల్ షాఫ్టు బయటికి లాగాలి. అక్కడ చాలామంది పట్టించుకోనిది వాక్యూమ్ సీలు. ఫోర్‌వీల్ వేసినప్పుడు చక్రాన్ని షాఫ్టుకి కలిపే నీ ముందు హబ్బులు గాలి లాగే ఒత్తిడితో లాక్ అవుతాయి, బయటి గాలి లోపలికి చొరబడకుండా నకుల్‌లో సీలు ఉంటుంది. షాఫ్టు లాగాక పాత సీలే పెడితే ఫోర్‌వీల్ స్విచ్ వేసినా హబ్బులు పట్టవు. ఆ సంగతి బురదలో దిగాకే తెలుస్తుంది. రెండు పక్కలకీ కొత్త సీళ్ళు తెచ్చుకో. దాన్ని సరైన లోతులో కూర్చోబెట్టే పనిముట్టు కూడా దొరుకుతుంది. పైపు ముక్క పెట్టి కొట్టి వంకర చెయ్యకు. పైనా కిందా నట్లు బిగించే వరుస సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించు.

ఇదంతా ఒకెత్తు, ఇప్పుడు చెప్పేది ఒకెత్తు. ట్రాక్ బార్, రేడియస్ ఆర్మ్ (యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే చెయ్యి) బుష్షుల బోల్టులు బండి గాల్లో ఉండగా చివరిదాకా బిగించకూడదు. యాక్సిల్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దించగానే బుష్షులో రబ్బరు మెలిపడిపోయి అలాగే ఉండిపోతుంది. తడిబట్ట పిండినట్టే, ప్రతి గుంటకీ ఇంకొంచెం మెలి తిరిగి కొన్నాళ్ళకి చిరిగిపోతుంది. బోల్టులు దూర్చి వదులుగా ఉంచు, చక్రాలు వేసి బండి దించు, ముందు బంపరు పట్టి రెండుసార్లు కిందికీ పైకీ ఊపు, అప్పుడు టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచే రెంచి) తీసుకో. ట్రాక్ బార్ రంధ్రం కుదరకపోతే చక్రాలు నేల మీదుండగా స్టీరింగ్ కొంచెం కొంచెం తిప్పించు, ఫ్రేము పక్కకి జరిగి బోల్టు దానంతటదే దూరుతుంది. ఆ బోల్టు లగ్ నట్ల (చక్రం నట్ల) కంటే చాలా ఎక్కువ బిగువు అడుగుతుంది, చిన్న రెంచితో కుస్తీ పట్టకు. లగ్ నట్లు 165 ఫుట్ పౌండ్లు. నూరు మైళ్ళు తిరిగాక వాటిని మళ్ళీ చూడు.

అలైన్‌మెంటుకి లిఫ్టు బండ్లు చేసే షాపు వెతుకు, అందరూ చెయ్యరు. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సరిచేసి పంపేస్తే ఒప్పుకోకు, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే నకుల్ తిరిగే గీత వెనక్కి వాలిన కోణం) ఎంతుందో అడుగు. లేపినప్పుడు రేడియస్ ఆర్మ్‌లు తిరిగి క్యాస్టర్ తగ్గిపోతుంది, బండి తిన్నగా నిలవదు. పై బాల్ జాయింట్ దగ్గర స్లీవు మార్చి కొంత సరిచేయొచ్చు. నాలుగు డిగ్రీల దగ్గర రెండు పక్కలా ఉంటే సంతోషిస్తాను. టైర్లు కూడా బ్యాలెన్స్ చేయించు. గుంట తగలకుండానే ఒక వేగం దగ్గర సన్నగా వణికేది టైర్ల సంగతి, గుంట తగిలి మొదలయ్యేది ఇప్పటిదాకా చెప్పిన సంగతి.

అన్నీ అయ్యాక ఎక్కడైనా ఇంకా ఊగితే, అప్పుడు స్టెబిలైజర్ గురించి మాట్లాడదాం. షాపువాళ్ళు ఇచ్చిన అలైన్‌మెంట్ షీటు ఫోటో తీసి పంపు, ముందూ తర్వాతా రెండూ.

మీ బాబాయ్