కంచు కరగాలంటే రాగి కరిగేంత వేడి కావాలా?

అక్కర్లేదు. కంచంటే రాగిలో తగరం కలిపిన లోహం; పదో వంతు తగరం ఉన్న కంచు దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్‌కే పూర్తిగా కరుగుతుంది. స్వచ్ఛమైన రాగికైతే 1085 కావాలి. రాగి పరమాణువుల వరుసల్లో వాటికంటే పెద్దవైన తగరం పరమాణువులు ఇరుక్కుని పొందిక చెడగొడతాయి, అందుకే తక్కువ వేడికే కరుగుతుంది. గుడిగంటల్లాంటి వాటికి వాడే కంచులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది, అది 900 లోపే కరిగిపోతుంది.

చాలామంది పొరబడేది తర్వాత: కరిగింది కదా అని వెంటనే అచ్చులో పోసేస్తారు. అచ్చు మూలలకు చేరేలోపే లోహం గడ్డకట్టి, సన్నటి భాగాలు నిండవు. ఇంకో 100–150 డిగ్రీలు ఎక్కించాలి. అంటే ఇంటి కొలిమి 1150 దాకా వెళ్లాల్సిందే. బొగ్గుకు బ్లోయర్ పెడితే ఆ వేడి అందుతుంది. మరీ ఎక్కువ కాచినా నష్టమే, కరిగిన లోహం వాయువులు పీల్చుకుని పోతలో బొక్కలు పడతాయి.