ద్రవ్యరాశి స్థలాన్ని వంచుతుంది సరే, కాలాన్ని ఎందుకు నెమ్మదింపజేస్తుంది?

సాగదీసిన రబ్బరు షీటు మీద బరువు పెడితే గుంట పడినట్లే ద్రవ్యరాశి స్థలాన్ని వంచుతుందని చూపే బొమ్మ చూస్తే స్థలం వంగడం అర్థమైందని, కాలం నెమ్మదించడం అందులో ఎక్కడా కనబడలేదని మీరు రాశారు. ఆ చిక్కులో నేనూ చాలాకాలం ఉన్నాను.

భౌతికశాస్త్రం బోధించడం మొదలుపెట్టిన కొత్తలో, బిగించి కట్టిన గుడ్డ మధ్యలో ఇనుప గుండు పెట్టి, దాని చుట్టూ గోలీలు దొర్లించి చూపేవాణ్ణి. ఒకనాడు ఒక విద్యార్థిని లేచి, "గోలీ గుంటలోకి జారేది కింద భూమి లాగడం వల్లనే కదండీ, మరి గురుత్వాకర్షణను గురుత్వాకర్షణతోనే వివరిస్తున్నామా?" అని అడిగింది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. తరువాత సమీకరణాలు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, ఆ గుడ్డలో లేనిది కాలమేనని, వస్తువులు పడటానికి ప్రధాన కారణం కూడా అదేనని.

ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో ద్రవ్యరాశి వంచేది స్థలకాలాలు కలిసిన ఒకే అల్లికను. పైకి విసిరిన బంతి ఒక సెకనులో స్థలంలో కొన్ని మీటర్లే కదులుతుంది. ఆ సెకనునే కాంతివేగంతో గుణించి దూరంగా మారిస్తే, కాలదిశలో దాదాపు 3 లక్షల కిలోమీటర్లు సాగినట్లు లెక్క. అందుచేత స్థలపు వంపు బంతికి లెక్కలోకి రాదు. నేల దగ్గర కాలం రవ్వంత నెమ్మదిగా, పైన రవ్వంత వేగంగా నడవటమే దాన్ని కిందికి మళ్లిస్తుంది. కాంతి స్థలంలోనూ అంతే వేగంగా పోతుంది కనుక దానిమీద రెండు వంపులూ సమానంగా పనిచేస్తాయి. సూర్యుని అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి కాలపు వంపు ఒక్కదానితో 0.87 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) మళ్లాలి, రెండూ కలిస్తే 1.75, 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ ప్రభృతులు తీసిన కొలతలు రెండో అంకె వైపే మొగ్గాయి.

ఈ తేడా ఊహ కాదు. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు అల్యూమినియం అయాన్ల (విద్యుదావేశం గల పరమాణువుల) కంపనాలతో అత్యంత కచ్చితంగా నడిచే రెండు గడియారాల మధ్య కేవలం 33 సెంటీమీటర్ల ఎత్తు తేడా పెట్టి, పైది రవ్వంత వేగంగా నడవడాన్ని కొలిచి చూపారు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు ఎత్తు వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనక్కు పోతాయి. మిగిలిన 38ని ముందే సరిచేసి పెడతారు.

నేను చాలా ఏళ్లు చేసిన పొరపాటు ఒకటి మీరు చేయకండి. ఆకర్షణ ఎంత బలంగా ఉంటే కాలం అంత నెమ్మదిస్తుందని అనుకునేవాణ్ణి, కాని లెక్కకు వచ్చేది బలం కాదు, ద్రవ్యరాశి ఏర్పరచిన గుంటలో మనం ఎంత లోతున ఉన్నామన్నది. భూకేంద్రంలో ఆకర్షణ సున్నా, అయినా భూగోళం మొత్తంలో కాలం అన్నిటికంటే నెమ్మదిగా నడిచేది అక్కడే; భూమి పుట్టిన నాటి నుంచి లెక్కిస్తే కేంద్రం మన కాళ్లకింది నేలకంటే సుమారు రెండున్నరేళ్లు చిన్నది.