పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి కదా, పుచ్చితే వైద్యం చేయించాలా?

తప్పకుండా చేయించాలి. "ఎలాగూ ఊడేవే కదా" అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. వెనక దవడపళ్లు మాత్రం 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. నాలుగేళ్లకే పన్ను పుచ్చితే ఆ పిల్లాడు ఇంకెన్నేళ్లు దాంతో నమలాలో లెక్కేసుకోండి.

మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లప్పుడు పై దవడపంటికి గుంట పడింది. చూపించమని నేను చెబుతూనే ఉన్నా, ఇంట్లో అందరిదీ ఇదే పాట. ఒక రాత్రి వాడు ఏడుస్తూ లేచాడు. తెల్లారేసరికి బుగ్గ వాచి, వాపు కంటి కిందకి ఎక్కింది. ఒళ్లు కాలిపోతోంది, నోరు తెరవనివ్వడు. ఎవరో ఫ్రిజ్‌లోంచి పాత యాంటీబయాటిక్ సిరప్ తీశారు. నేను సీసా లాక్కున్నాను. నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్ సిరప్‌ని 14 రోజులు దాటితే పారేయాలి, దాచుకోకూడదు. మిగిలిపోయిన మందులు పిల్లలకు పోసే ఈ అలవాటు ఎప్పటికి పోతుందో!

పళ్ల డాక్టరమ్మ చూసి ఒకటే చెప్పింది: "లోపల నరం చచ్చిపోయింది. అక్కడికి రక్తం వెళ్లదు, కాబట్టి మందూ వెళ్లదు." జ్వరం ఉంది, వాపు పాకుతోంది కాబట్టి యాంటీబయాటిక్ రాసింది. కానీ దాంతోనే సరిపోదని, చీము బయటికి పంపి పన్ను తీసేసింది. ఖాళీ అయిన చోటికి పక్కపళ్లు జరిగిపోతే తర్వాత వచ్చే అసలు పన్నుకి దారి ఉండదు. అందుకని తర్వాత అక్కడ చిన్న తీగ బిగించారు.

వాడికి ఇంకో రెండు పళ్లకు పుచ్చు అప్పుడే మొదలైంది. వాటికి డ్రిల్లింగ్ లేదు, ఇంజెక్షన్ లేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు కుంచెతో పూశారు, అంతే. అందులో వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. న్యూయార్క్ బడుల్లో వేలమంది పిల్లల మీద చేసిన పరిశోధనలో, పుచ్చకుండా పళ్లకు వేసే సీలెంట్ పూతతో పోలిస్తే ఇదేమీ తీసిపోలేదని తేలింది. పుచ్చిన చోటు నల్లబడుతుంది, అదే ముఖ్యమైన ఇబ్బంది. మా బంధువులకు మాత్రం పంటిలో గుంట కన్నా ఆ నలుపే పెద్ద టెన్షన్ అయింది! నొప్పితో రాత్రంతా ఏడ్చిన పిల్లాడు హాయిగా నిద్రపోతుంటే, నవ్వినప్పుడు కనపడని పంటి రంగుతో ఎవరికేం పని?

నన్నడిగితే, బడిలో చేర్చుకునేటప్పుడు టీకాల కార్డు అడిగినట్టే పళ్ల పరీక్ష కాగితం కూడా అడగాలి. ప్రపంచంలో 50 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లు పుచ్చి ఉన్నాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఇంత మామూలు జబ్బుని ఇంత తేలిగ్గా తీసుకోవడం నాకు అర్థం కాదు.

మీ పిల్లల వయసు మీరు రాయలేదు. ఏడాది నిండేలోపే ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించాలి. మూడేళ్ల లోపు వాళ్లకు ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా వద్దు. ఆరేళ్లు వస్తుంటే దవడ చివర కొత్త పన్ను వచ్చిందేమో చూడండి. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది అదీ పాలపన్నే అనుకుంటారు. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను.