మిత్రుడి ఎచింగ్‌లో ముఖం పోలిక రాకపోతే ఏం చేయాలి?

తోటి చిత్రకారుడైన మిత్రుణ్ణి ఎచింగ్‌గా (పూత పూసిన లోహపు రేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో తినిపించి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) వేస్తున్నాను, ఎంత దిద్దినా పోలిక రావడం లేదని అడిగారు. ముఖం వదిలేయండి. హాస్యానికి అనడం లేదు.

ఫైనార్ట్స్ చదివే రోజుల్లో నేనూ ఇదే పనికి దిగాను. జింకు రేకుకు మైనం పూత పూసి, హాస్టల్ గదిలో నాతో ఉండే మిత్రుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మూడు రోజులు సూదితో గీశాను. రేకు నైట్రిక్ యాసిడ్‌లో ఉన్నంతసేపూ దాని మీద లేచే బుడగల్ని కోడి ఈకతో తుడుస్తూ ఉండాలి. నేను టీకి వెళ్లాను. వచ్చేసరికి చెంప దగ్గర పూత లేచిపోయి, యాసిడ్ రేకును తినేసింది. అచ్చు తీస్తే అమ్మవారు పోసినట్టు చెంపంతా మచ్చలు. పైగా అచ్చులో కుడి ఎడమలు తారుమారు కదా, ఎడమవైపు పుట్టుమచ్చ కుడివైపుకు చేరింది. వాడిని చూడవచ్చిన వాళ్లమ్మగారు "ఎవరు బాబూ ఈయన?" అన్నారు.

పక్కనే ఇంకో అచ్చు ఆరుతోంది. వాడు ప్రెస్ చక్రం తిప్పుతుంటే వెనుక నిలబడి, మిగిలిన రేకు ముక్క మీద అయిదు నిమిషాల్లో గీసింది. ఒక భుజం జారి, చొక్కా సగం బయటకు వచ్చి ఉంటుంది. ఆవిడ దాన్ని చూస్తూనే "ఎన్నిసార్లు చెప్పినా నిటారుగా నిలబడడు" అని విసుక్కున్నారు.

ముఖం కన్నా నిలబడే తీరే మనిషిని పట్టిస్తుందని ఫ్రెంచి చిత్రకారుడు డెగాకు బాగా తెలుసు. 1879-80లో మిత్రురాలు, అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నిలబడి ఉన్నట్టు ఎచింగ్ వేశాడు. మనకు కనిపించేది ఆమె వీపే. గొడుగు మీద బరువు మోపి, అద్దాల పెట్టెలోని ఎట్రుస్కన్ (ప్రాచీన ఇటలీ నాటి) శవపేటికను చూస్తోంది. పక్కన కూర్చున్న అక్క లిడియా చేతిలో పుస్తకం. ఆ గొడుగు పట్టిన చేతిలోని ధీమా ఏ ముఖంలోనూ రాదు. అదే డెగా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి నూనె రంగుల్లో వేసిన చిత్తరువు ఆమెకే నచ్చలేదు. తానే కూర్చున్నట్టు తెలియకుండా అమ్మిపెట్టమని చివరికి డీలరును కోరింది!

లూవ్ర్ రేకును డెగా తొమ్మిది దశల్లో దిద్దాడు. ప్రతి దశలో తీసిన అచ్చూ ఒక బొమ్మే. మనవాళ్లకు ఇది చెప్పలేం. ప్రదర్శన పెడితే "ఇందులో ఒరిజినల్ ఏది?" అంటారు. పది అచ్చుల్లో మూడోదని అచ్చు కింద పెన్సిలుతో రాసిన 3/10 చూసి "పదికి మూడు మార్కులేనా?" అన్న పెద్దమనిషి కూడా నాకు తగిలాడు.

రేపు మీ మిత్రుణ్ణి ఏదో ఒక పనిలో పెట్టి, వెనుక నిలబడండి. రేకు యాసిడ్‌లో ఉన్నప్పుడు మాత్రం టీ మానుకోండి.