వినబడని మాటకు రెట్టింపు శ్రమ

ప్రియమైన చెల్లీ,

నీ ఎనిమిది పాటలూ చదివాను. ఓపెన్‌కాస్ట్ గని మింగిన ఊళ్ల మీద డెత్ మెటల్ ఆల్బమ్, అంటే హోరెత్తే గిటార్ల మీద గర్జిస్తూ పాడే పాటలు, తెస్తున్నామని రాశావు. ఆ గొంతులో ఒక్క ముక్కా అర్థం కానప్పుడు సాహిత్యం మీద ఇంత శ్రమ ఎందుకని మీ బృందంలో వాదన నడుస్తోందట. మామూలు పాటకు పడే శ్రమకు రెట్టింపు పడాలని నేనంటాను. సినిమా పాటలో చరణం బలహీనంగా ఉన్నా రాగం దాన్ని గట్టెక్కిస్తుంది. మీ సంగీతంలో ఆ ఆసరా లేదు. వినేవారు ముందు శబ్దానికి లోబడతారు, ఆ తర్వాత ఆల్బమ్ కవరులోని పాటల కాగితం తీసి చదువుతారు. అక్కడ నీ మాటకు గిటారు తోడు రాదు.

బర్మింగ్‌హామ్ బృందం నేపామ్ డెత్ 1987లో తెచ్చిన ‘స్కమ్’ మీకు తెలిసిందే. ఆ రికార్డు రెండు వైపులా వేర్వేరు సభ్యులు వాయించారు, డ్రమ్మర్ ఒక్కడే మారలేదు. అందులో ఒక పాట సెకనున్నర కూడా ఉండదు. దాని సాహిత్యమంతా బాధ పడుతున్న మనిషిని ‘ఎందుకు?’ అని అడిగే నాలుగు మాటల ప్రశ్న. ఎంత చెవి ఒగ్గినా ఆ ప్రశ్న వినబడదు. అయినా ఇన్నేళ్లుగా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారంటే అది కాగితం మీద చదివిన ఫలితమే.

ఇక నీ పాటలు. మూడోది తప్ప మిగిలిన అన్నింటిలో దోపిడీ, సంకెళ్లు, నెత్తురు, వ్యవస్థ ఉన్నాయి. వరంగల్ నేల మీద పాటకు రాజకీయం కొత్త కాదు. ఈ మాటలు మా తరం వేదికల మీద గొంతు పోయేలా పాడింది. అవి అబద్ధమని అనను, కానీ వాటిలో మీ ఊరు కనిపించదు. మూడో పాటలో బ్లాస్టింగ్‌కు గోడ పగిలితే ఆ పగులులో అమ్మ పాత చీర ముక్క కుక్కుతుంది. అది చదివి చాలాసేపు ఆగిపోయాను. గనిలోంచి తవ్వి పోసిన ఓబీ మట్టి గుట్టలు, నీళ్లు దిగిపోయిన బావి, పరిహారం చెక్కు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన నెలలు, ఇవన్నీ నీకు తెలుసు. నాకు అంత దగ్గరగా తెలియవు. బ్రెజిల్ బృందం సెపుల్తురా 1993 ఆల్బమ్‌లో కారందిరు జైలు మారణకాండ మీద ఒక పాట ఉంది. అక్కడ 111 మంది ఖైదీలు చనిపోయారు. ఆ పాట 1992 అక్టోబరు 2 అనే తేదీతో, జైలు పేరుతో, వార్త చదివినట్టు మొదలవుతుంది. కోపానికి చిరునామా ఉండాలంటే అలా ఉండాలి.

ఇప్పుడు గొంతు సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. గ్రోల్‌లో, అంటే మీ గర్జన గొంతులో, ఆ అచ్చులు సాగి పదాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పొడవాటి సంస్కృత సమాసమైతే బ్లాస్ట్ బీట్ అనే మెరుపు వేగపు డ్రమ్ము దెబ్బల కింద నుజ్జవుతుంది. ద్విత్వాక్షరాలను నమ్ముకో. బొగ్గు, గడ్డ, దెబ్బ, మట్టి లాంటి మాటల్లో గాలి ఒక్క క్షణం ఆగి విడుదలవుతుంది. స్నేర్ డ్రమ్ము దెబ్బ సరిగ్గా అక్కడ పడితే ఆ మాట చెవికి చిక్కుతుంది. గొంతు లోతుకు వెళ్లే చోట ఆ, ఓ ఉండేలా చూడు. ‘ఈ’ని కీచుగా అరిచే చోటికి దాచుకో. బుర్రకథలో కథకుడు వేగంగా చెప్పుకుపోతుంటే, వంతల్లో ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి నిలబడి, జనానికి అందని మాటను మళ్లీ అందిస్తారు. నీ పల్లవిలోనూ ఒక్క పంక్తిని మామూలు గొంతుతో, బృందమంతా కలిసి చెప్పండి.

డప్పు పెడతామన్నావు, సంతోషం. అయితే ఎక్కడో దొరికిన శబ్దాన్ని కంప్యూటర్‌లో అతికించకండి. సెపుల్తురా 1996లో వచ్చిన ‘రూట్స్’ ఆల్బమ్ కోసం బ్రెజిల్‌లోని షవాంతె ఆదివాసుల దగ్గరికి వెళ్లి, వాళ్ల మధ్య కూర్చుని రికార్డు చేసుకుంది. మీకు అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. కళాకారులను స్టూడియోకు పిలవండి. డప్పు కాచుకోవడానికి బయట మంట వేయనివ్వండి. చిర్ర, చిటికెన పుల్ల పట్టిన చేతులకు లయ కొలిచే మెట్రోనోమ్‌ను రుద్దకండి, మీ డ్రమ్మరే వాళ్ల వేగం పట్టుకోవాలి. గిటారిస్టుకు ఎంత ఇస్తారో వాళ్లకూ అంతే ఇవ్వండి, కవరు మీద వాళ్ల పేర్లు మీ పేర్లతో సమానమైన అక్షరాల్లో వేయండి. ఊరి అన్యాయం మీద పాడుతూ ఊరి కళాకారుడిని ‘తదితరులు’ కింద తోసేస్తే ఆ ఆల్బమ్‌ను నేను సమర్థించను.

ఆదరణ గురించి భయపడుతున్నావు. ‘స్కమ్’ను రేడియోలో వినిపించడానికి బీబీసీలో జాన్ పీల్ అనే వ్యాఖ్యాత ముందుకు వచ్చారు. మీకు అలాంటివారు దొరుకుతారో లేదో చెప్పలేను. ఇది పాట కాదు, గోల అంటారు. అననివ్వు, శబ్దం నచ్చకపోవడం వాళ్ల హక్కు. నీ రాజకీయం ముందే నచ్చినవారు వినకుండానే మెచ్చుకుంటారు, ఆ పొగడ్త మీద ఆధారపడకు. నిర్వాసితులైనవారి మాట మాత్రం నీకు కావాలి. విడుదలకు ముందే పాటల కాగితాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, పునరావాస కాలనీలో కూర్చుని నువ్వే చదివి వినిపించు. తప్పని వాళ్లు చెప్పిన ప్రతి వాస్తవాన్నీ దిద్దుకో. రికార్డింగ్ నెల ఆలస్యమైనా ఫరవాలేదు.

రెండో పాట, ఐదో పాట తిరగరాసి పంపు. ఎకరానికి ఎంత కట్టారో, ఏ సంవత్సరం చేతికి వచ్చిందో మీ నాన్నగారిని అడుగు. ఆ అంకెలు ఐదో పాట పల్లవిలోకి రావాలి.

నీ అన్నయ్య,
హనుమకొండ